34 ప్యాకెట్లు, ఏడు నెలలు: స్టోన్‌హౌస్‌పేట పచ్చళ్ల కొట్టు

కనుమ రోజు కృష్ణపట్నంలో ఓడ దిగాను. ఇంటికొచ్చి రెండు రోజులు నిద్రపోయాను. మూడో రోజు పొద్దున్నే వెళ్లింది నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఉన్న ఆ చిన్న పచ్చళ్ల కొట్టుకి. జూన్‌లో అక్కడ సరుకు కొన్నప్పుడు, ఎలా ఉందో తిరిగొచ్చాక నలుగురికీ తెలిసేలా రాస్తానని కొట్టు నడిపే ఆమెకి మాటిచ్చాను. కొట్టుకి పేరంటూ లేదు. షట్టరు మీద పచ్చ పెయింటుతో ‘పచ్చళ్లు, పొడులు’ అని రాసి ఉంటుంది, అంతే.

నేను బల్క్ క్యారియర్ మీద కెప్టెన్ని. బొగ్గు, ధాన్యం, సోయా లాంటివి మోసే ఓడ. సముద్రం మీదకి వెళ్లబట్టి 29 ఏళ్లు. మాది ముత్తుకూరు దగ్గర పల్లె. మొదటిసారి కేడెట్‌గా, అంటే ఓడ పని నేర్చుకునే కుర్రాడిగా, బయల్దేరినప్పుడు అమ్మ హార్లిక్స్ సీసాలో ఆవకాయ పెట్టి, పాత చీర ముక్క చుట్టి, దారంతో కట్టి ఇచ్చింది. బొంబాయి చేరేసరికి సీసా పగిలింది. తెల్ల యూనిఫారాలు మూడు జతలు పాడయ్యాయి. బ్యాగులో ఆ నూనె వాసన రెండేళ్లు పోలేదు. కొత్త బ్యాగు కొనే స్తోమత వచ్చాక కూడా ఆ వాసన కోసమే దాన్ని ఉంచుకున్నాను.

అమ్మ పోయి ఆరేళ్లయింది. అప్పటి నుంచి పచ్చళ్లు కొనుక్కునే వెళ్తున్నాను. కిందటి ప్రయాణానికి వేరే ఊళ్లో పేరున్న ఒక కొట్టులో కొంటే, నెల తిరక్కుండానే ప్యాకెట్లన్నీ కారి, క్యాబిన్ అల్మారా అంతా జిడ్డయింది. అందుకని ఈసారి ఇక్కడ కొనేముందు చాలా ప్రశ్నలు అడగాలని వెళ్లాను. ప్రశ్నలన్నీ ఆమే అడిగింది. అరవై దాటిన మనిషి. భర్త వెనక గదిలో పొడులు దంచుతుంటాడు.

“ఎన్నాళ్లకి నాయనా?”

“ఏడు నెలలకమ్మా.”

“ఆడ ఎండెంత? ఫ్రిజ్జులో పెడతావా, బయట పెడతావా? నువ్వొక్కడివే తింటావా, నలుగురూ చేతులు పెడతారా?”

నేను కిలో ప్యాకెట్లు అడిగితే ఇవ్వనంది. “కిలో తెరిస్తే నెల తింటావు. నెలలో ఎవరో ఒకరు తడి గరిటె పెట్టకుండా ఉండరు. పావు కిలోలు కట్టిస్తా. తెరిచింది వారంలో అయిపోవాల.” అలా ఆవకాయ రెండు కిలోలు, గోంగూర రెండు, నిమ్మకాయ, పండుమిరపకాయ, రొయ్యల పచ్చడి, కందిపొడి తలా ఒక కిలో, కరివేపాకు పొడి అర కిలో. మొత్తం 34 ప్యాకెట్లు. సరుకు 4,740 రూపాయలు, ప్యాకింగుకి 260. ఒక ఉదయగిరి చెక్క గరిటె ఊరికే ఇచ్చింది, దాన్ని కడగొద్దని, పొడి గుడ్డతో తుడవమని చెప్పి.

ఆ ప్యాకింగు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మందం కవరులో పచ్చడి పోశాక, మూతి లోపలి అంచుని పొడి గుడ్డతో ఒకసారి, కొత్త గుడ్డతో ఇంకోసారి తుడుస్తుంది. వేలు పెట్టి చూస్తుంది. వేలికి జిడ్డు తగిలితే మళ్లీ తుడుస్తుంది. ఆ తర్వాతే వేడి సీలు, అదీ వేలెడు ఎడంతో రెండు వరసలు. అంచుకి నూనె ఉంటే ప్లాస్టిక్ అతుక్కున్నట్టే కనిపిస్తుంది కానీ అతుక్కోదు, బరువు పడగానే విడిపోతుంది. నా కిందటి కొట్టువాళ్లు వదిలేసిన పని ఇదే. ఆమె 34 సార్లూ విసుగు లేకుండా చేసింది. గంటన్నర పట్టింది. నేను స్టూలు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాను.

ఎందుకంత శ్రద్ధగా చూశానంటే, మా పని కూడా అదే. ఆగస్టు మొదట్లో బ్రెజిల్‌లోని శాంటోస్‌లో 66,000 టన్నుల సోయా ఎక్కించుకున్నాం. అక్కడి నుంచి గుడ్ హోప్ అగ్రం చుట్టి చైనాలోని చింగ్‌దావోకి 37 రోజులు. దక్షిణాన ఆగస్టంటే ఇంకా చలికాలమే, అలలు డెక్ మీదకి ఎక్కి వస్తాయి. సరుకు నింపే హోల్డుల మీద మూతలు, అంటే హ్యాచ్ కవర్లు, మూసేముందు అవి కూర్చునే కోమింగ్ అంచంతా చీపుర్లతో ఊడ్చి, గాలి కొట్టి, రబ్బరు తుడిపిస్తాను. అక్కడ గుప్పెడు గింజలు మిగిలినా రబ్బరు సరిగా కూర్చోదు, ఆ సందులోంచి ఉప్పునీరు దిగుతుంది. తడిసిన సోయా వేడెక్కుతుంది, ముక్కిపోతుంది, పక్కదాన్నీ పాడుచేస్తుంది. ఏడు హోల్డుల దగ్గరా నేనే నడిచి, చేత్తో తడిమి చూశాను. డెక్ పనివాళ్ల మేస్త్రీ బోసన్ అలిసిపోయి ఉన్నాడు, అయినా నాలుగో హోల్డు మళ్లీ తుడిపించాను. అప్పుడు నాకు గుర్తొచ్చింది ఆమె వేలే.

చింగ్‌దావోలో కవర్లు తెరిస్తే ఏడు హోల్డులూ పొడిగా ఉన్నాయి. ఆ రోజు మధ్యాహ్నం గోంగూర ప్యాకెట్ తెరిచాను.

ఇక సరుకు గురించి. ఆవకాయకి వంక పెట్టలేను. ఐదో నెల ప్యాకెట్‌లో కూడా ముక్క కొరికితే టక్కుమంది, పైన నూనె అలాగే నిలిచి ఉంది. నిమ్మకాయ మొదటి నెల ఉప్పగా అనిపించింది. మూడో నెల దాటాక తొక్క మెత్తబడి, చేదు విరిగి, అన్నిటికంటే బాగుంది. కాబట్టి నిమ్మకాయని చివరికి దాచుకోండి. గోంగూర మంచిదే, వెల్లుల్లి కొంచెం తగ్గిస్తే ఇంకా బాగుంటుంది. పండుమిరపకాయ కారం అందరూ తట్టుకోలేరు. కరివేపాకు పొడి మా ఫిలిప్పీన్స్ కుక్‌కి నచ్చి, గుడ్డు అట్టు మీద చల్లడం మొదలుపెట్టాడు. అర కిలో అలా మెస్సులోనే అయిపోయింది.

రొయ్యల పచ్చడి మాత్రం సుదూర ప్రయాణానికి వద్దు. మొదటి రెండు ప్యాకెట్లు రుచిగా తిన్నాం. అక్టోబర్‌లో చూస్తే మిగిలిన రెండూ ఉబ్బి ఉన్నాయి. నోట పెట్టకుండానే పారబోశాను. ఓడలో ఒకరికి కడుపు పాడైతే ఒడ్డు పది రోజుల దూరంలో ఉంటుంది, అందుకే రుచి చూసి తేల్చుకునే సాహసం చెయ్యను. వాటిలో ఒక కవరు మాత్రం కడిగి దాచాను, ఆమెకి చూపిద్దామని. కందిపొడి ఇండోనేషియా తేమకి గడ్డకట్టింది, రుచి పోలేదు.

ఇంకో లోటు లేబుల్. ఆస్ట్రేలియాలో తిండి సరుకు విషయంలో క్వారంటైన్ వాళ్లు చాలా కచ్చితంగా ఉంటారు. న్యూకాసిల్‌లో మా స్టోరు చూడటానికొచ్చిన ఆఫీసర్ ప్యాకెట్ పట్టుకుని ఇదేమిటని అడిగాడు. దాని మీద పెన్నుతో ‘గోంగూర’ అని తెలుగులో రాసి ఉంది, తేదీ కూడా లేదు. ఏమేం వేశారో అంతా నేనే నోటితో చెప్పాల్సి వచ్చింది.

మా ఓడలో 22 మందిమి. అందులో తెలుగువాళ్లం నేనూ, ఒక కేడెట్టూ. కనిగిరి కుర్రాడు, మొదటి ప్రయాణం. ఓడెక్కకముందు సముద్రం చూసింది కొత్తపట్నం బీచ్‌లోనేనట. సింగపూర్ నుంచి బ్రెజిల్‌కి ఖాళీ ఓడతో వెళ్తున్నప్పుడు అగ్రం దగ్గర ఊపు ఎక్కువైంది. నాలుగు రోజులు వాంతులు. ఐదో రోజు ఊపు తగ్గినా అన్నం ముట్టలేదు. అప్పటికి బయల్దేరి మూడు వారాలైంది, ఆకుకూరలు అయిపోయి క్యాబేజీ, బంగాళాదుంపల్లో పడ్డాం. వేడన్నంలో కందిపొడి, ఆవకాయ నూనె కలిపి పళ్లెం తీసుకెళ్లి షిప్స్ ఆఫీసులో కూర్చోబెట్టాను. కుర్చీ వద్దని కింద కూర్చున్నాడు. పళ్లెం ఖాళీ అయ్యేదాకా తల ఎత్తలేదు. తర్వాత, “మా ఇంట్లో ఉప్పు కొంచెం ఎక్కువేస్తారు సార్,” అన్నాడు. ఐదు రోజుల్లో వాడు మాట్లాడిన మొదటి మాట అది. ఆ రాత్రి నేనూ హాయిగా పడుకున్నాను.

ఏడు నెలల్లో కెప్టెన్‌కి అలాంటి రాత్రులు తక్కువ. పడుకునేముందు, రాత్రి డ్యూటీలో ఉండేవాళ్లకి సూచనలు రాసే నైట్ ఆర్డర్ బుక్‌లో ‘అనుమానం వస్తే నన్ను లేపండి’ అని రాస్తాను, వాచ్ ఆఫీసర్లు సంతకం పెడతారు. రాశాక చెవి ఫోన్ మీదే ఉంటుంది. ఇంట్లో పడుకున్నా ఇంకా నాలుగింటికి మెలకువ వస్తోంది, ఇంజిన్ చప్పుడు లేదేమిటని.

చివరి సరుకు ఇండోనేషియాలోని టబోనియో నుంచి బొగ్గు, కృష్ణపట్నానికే. ఆ బొగ్గు త్వరగా వేడెక్కే రకం. రోజూ హోల్డుల్లో గ్యాసు కొలిపిస్తూ మలక్కా జలసంధి దాటి, గ్రేట్ నికోబార్ పక్కగా బంగాళాఖాతంలోకి వచ్చాం. రేవులో బెర్తు ఖాళీ లేక లంగరు వేసి ఆగాం. భోగి తెల్లవారుజామున ఓడ నడిపే పై గది, బ్రిడ్జి మీద నుంచుని బైనాక్యులర్‌లో చూస్తే ఒడ్డున పల్లెల్లో చిన్న చిన్న మంటలు. వాటిలో ఒకటి మా ఊరిదేనేమో అని చాలాసేపు చూశాను. అప్పటికి మూడు ప్యాకెట్లు మిగిలాయి. ఆ మధ్యాహ్నం నిమ్మకాయ తెరిచి కేడెట్టూ నేనూ తిన్నాం. దిగేటప్పుడు మిగిలిన రెండూ, ఎర్రబడిపోయిన చెక్క గరిటె వాడికిచ్చి వచ్చాను. వాడు మార్చిలో దిగుతాడు.

కొట్టుకి వెళ్లి రొయ్యల కవరు చూపించాను. ఆమె ట్యూబులైటు కింద పట్టుకుని సీలు వెంట గోరు నడిపింది. “సీలు కారలా నాయనా. రొయ్యలో తడి మిగిలింది, ఇంకాసేపు వేగాల్సింది. నాదే తప్పు.” రెండు ప్యాకెట్ల డబ్బు 700 కౌంటర్ మీద పెట్టింది. నేను తీసుకోలేదు. ఇక మీదట మూడు నెలలు దాటే ప్రయాణానికి రొయ్యల పచ్చడి ఎవరికీ ఇవ్వనంది. లేబుల్ మీద తేదీ, ఏమేం వేశారో ఇంగ్లీషులో వెయ్యమని చెప్పాను. వాళ్ల మనవరాలు అక్కడే కూర్చుని నా చేత చెప్పించుకుని రాసుకుంది.

దూరం వెళ్లేవాళ్లు ఉంటే ఇక్కడ కొనండి. ఒక పూట ముందు వెళ్లండి, ప్యాకింగుకి టైమ్ పడుతుంది, తొందరపెట్టొద్దు. కొత్తావకాయ మే నెలలో కలుపుతారు. రెండు కిలోలు విడిగా, ఉప్పు కొంచెం ఎక్కువేసి కలపమని ఇప్పుడే చెప్పాను. ఎవరికని అడిగింది. కనిగిరి కుర్రాడికని చెప్పాను.