పొట్టి గుర్రానికి పెద్ద గుర్రపు సిరంజి: మాక్సిడెక్టిన్ నట్టల మందుపై సమీక్ష

డాలస్‌కు గంట దూరంలో మూడెకరాల స్థలం కొనుక్కున్న తరువాత, పిల్లల పట్టుదల వల్ల రెండు పొట్టి గుర్రాలను తెచ్చుకున్నాము. గోధుమ రంగుది బెల్లం. విత్తులు కొట్టించిన మగది, వయసు ఏడేళ్లు. నల్లది మిరియం, ఆడది, వయసు ఇరవై ఆరేళ్లు. ఇక్కడ వీటిని మినియేచర్ హార్స్ అంటారు. 1978లో ఏర్పడిన అమెరికన్ మినియేచర్ హార్స్ అసోసియేషన్ నియమం ప్రకారం, మెడ మీద జూలు ముగిసే చోట కొలిచిన ఎత్తు 34 అంగుళాలు దాటకూడదు. పుంగనూరు ఆవును దగ్గరగా చూసినవారికి ఆ ఎత్తు ఎంతో వేరే చెప్పనక్కరలేదు. ఈ రెండింటికీ నట్టల మందు కొనడానికి దాణా దుకాణానికి వెళ్లినప్పుడు నా చేతికి వచ్చిన మాక్సిడెక్టిన్ జెల్ గురించే ఈ సమీక్ష.

ముందుగా మందు పనితనం సంగతి. పెరిగిన గుర్రాలను ఎక్కువగా పట్టే నట్టలు చిన్న రకం స్ట్రాంజైల్స్ అనే పేగు పురుగులు. వీటి పిల్ల పురుగులు పెద్దపేగు గోడలోకి దూరి, చుట్టూ తిత్తి కట్టుకొని నెలల తరబడి పడుకుంటాయి. మామూలుగా వాడే ఐవర్‌మెక్టిన్ పేగు లోపల తిరిగే పురుగులను చంపుతుంది కాని, తిత్తిలో దాక్కున్న వాటిని చేరలేదు. ఫెన్‌బెండజోల్‌ను రెట్టింపు మోతాదులో వరుసగా అయిదు రోజులు పెట్టడం ఒక దారి, అయితే ఆ మందుకు లొంగని పురుగులు ఇప్పుడు దాదాపు అన్నిచోట్లా ఉన్నాయి. ఒక్క మోతాదుతో తిత్తిలోని పురుగులను కూడా చంపగలగడం మాక్సిడెక్టిన్ ప్రత్యేకత. ఒకసారి పెడితే లద్దెలో పురుగుల గుడ్లు 84 రోజుల వరకు అణిగి ఉంటాయని లేబుల్ చెబుతుంది, కాని ఈ మధ్య పలు చోట్ల ఆ గడువు తగ్గిపోతున్నదని పరిశోధకులు గమనించారు. ఏమైనా మందు మంచిదే. నదీ తీరాల్లో నల్ల ఈగల ద్వారా వ్యాపించి చూపు పోగొట్టే రివర్ బ్లైండ్‌నెస్ అనే జబ్బుకు మనుషులలో వాడడానికి 2018లో అమెరికా ప్రభుత్వం ఇదే మాక్సిడెక్టిన్‌ను అనుమతించింది.

చిక్కంతా పరిమాణంలో ఉన్నది. గుర్రానికి మాక్సిడెక్టిన్ మోతాదు కిలోకు 0.4 మిల్లీగ్రాములు. జెల్‌లో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. మా బెల్లం బరువు 188 పౌండ్లు, అంటే 85 కిలోలు. దానికి కావలసినది 34 మిల్లీగ్రాములు, అనగా 1.7 మిల్లీలీటర్లు. చిన్న చెంచాలో సగం కూడా నిండదు. సిరంజిలో ఉన్నదేమో వెయ్యి పౌండ్లు దాటిన గుర్రానికి సరిపడే మందు. మొత్తం పెడితే అయిదు రెట్లు దాటుతుంది, సగం పెట్టినా మూడు రెట్లకు చేరువవుతుంది. నేను సిరంజిని తిప్పి చూస్తుండగా గల్లాపెట్టె దగ్గర ఉన్న అబ్బాయి, "చిన్న గుర్రమే కదా, సగం పెట్టేయండి" అన్నాడు. అతని మాటలో దురుద్దేశం లేదు, కాని లెక్కా లేదు. మనుషులకూ వాడే యాంటీబయాటిక్స్‌ను పశువులకు ఇవ్వాలంటే 2023 జూన్ నుంచి ఇక్కడ పశువైద్యుల చీటీ తప్పనిసరి అయింది. ఈ జెల్ మాత్రం ఉప్పు గడ్డల పక్క అరలో 18 డాలర్లకు ఎవరికైనా దొరుకుతుంది.

గుర్రపు పిల్లలకు, వయసులో చిన్న గుర్రాలకు, పొట్టి గుర్రాలకు ఇచ్చేటప్పుడు అత్యంత జాగ్రత్త అవసరమని, మోతాదు మించితే తీవ్రమైన హాని జరగవచ్చని లేబుల్ మీద స్పష్టంగానే ఉన్నది. ఆరు నెలల లోపు పిల్లలకు, జబ్బుగా ఉన్నవాటికి, బక్కచిక్కిన వాటికి అసలే వద్దని కూడా ఉన్నది. అయితే ఆ హెచ్చరిక పెట్టె లోపల మడిచి పెట్టిన కాగితంలో, భూతద్దం అడిగే అక్షరాలలో ఉన్నది. పెట్టె ముందు వైపు నిగనిగలాడే పెద్ద గుర్రం బొమ్మ ఒకటి పరుగెత్తుతుంటుంది.

బక్కచిక్కిన వాటికి వద్దనడానికి కారణం తెలుసుకోవడం అవసరం. మాక్సిడెక్టిన్ కొవ్వులో బాగా కరిగే మందు. ఒంట్లోకి వెళ్లగానే చాలా భాగం కొవ్వులో చేరి, అక్కడి నుంచి కొద్దికొద్దిగా రక్తంలోకి వస్తుంది. అందుకే అది ఐవర్‌మెక్టిన్ కన్నా చాలా ఎక్కువ కాలం ఒంట్లో నిలుస్తుంది. ఒంట్లో కొవ్వే లేని గుర్రానికి ఆ గాదె ఉండదు కాబట్టి, మందు రక్తంలోనే ఎక్కువగా తిరుగుతూ మెదడు వైపు వెళుతుంది. ఈ జాతి మందులు పురుగుల నరాలను మొద్దుబార్చి చంపుతాయి. గుర్రం మెదడుకు కాపలాగా ఉన్న పొర మామూలు మోతాదును రానివ్వదు. మోతాదు మితిమీరినప్పుడు మాత్రం ఆ కాపలా నిలవదు, పురుగుకు జరిగినదే గుర్రానికీ జరుగుతుంది. మా మిరియానికి దవడ పళ్లు సగం రాలిపోయాయి, శీతాకాలపు దట్టమైన బొచ్చు కింద చెయ్యి పెట్టి తడిమితే పక్కటెముకలు ఒక్కొక్కటిగా తగులుతాయి. పైకి బొద్దుగా కనిపించే ఆ బొచ్చును నమ్మి ఉంటే దానికీ ఈ జెల్ పెట్టి ఉండేదాన్ని. మా పశువైద్యురాలు నాలుగు వేళ్లతో పక్కలు తడిమి, "దీనికి ఈ మందు వద్దు" అని ఒక్క మాటలో తేల్చారు.

ఇక బరువు. బెల్లాన్ని అమ్మినవారు 250 పౌండ్లు ఉంటుందన్నారు. ఛాతీ చుట్టుకొలతను దానితోనే హెచ్చించి, పొడవుతో మళ్లీ హెచ్చించి 330తో భాగించే పెద్ద గుర్రాల సూత్రం వేసి చూస్తే 157 పౌండ్లు వచ్చింది. పొట్టి గుర్రాలకు వేరే సూత్రం ఉన్నది. ఛాతీ చుట్టుకొలతను అంగుళాలలో తీసుకొని 9.36తో, ఒంటి పొడవును 5.01తో హెచ్చించి, రెండూ కలిపి 348.53 తీసివేస్తే పౌండ్లలో బరువు వస్తుంది. బెల్లం చుట్టుకొలత 38, పొడవు 36 కాబట్టి 187 పౌండ్ల చిల్లర తేలింది. అప్పటికీ నమ్మకం కుదరక, కుక్కలను తూచే కాటా ఉన్న పశువైద్యశాలకు తీసుకువెళ్లాము. మూడు కాళ్లు ఎక్కించి నాలుగవది నేల మీదనే ఉంచి నిలబడడం దానికి ఎంతో ఇష్టమైన పని అని ఆ రోజే తెలిసింది. పావుగంట బుజ్జగింపులు, ఒక యాపిల్ ఖర్చయిన తరువాత నాలుగు డెక్కలూ కాటా మీదికి వచ్చాయి: 188. అమ్మినవారి మాట నమ్మి ఉంటే మూడోవంతు మందు అదనంగా పడేది. ఆరోగ్యంగా ఉన్న గుర్రం అంతమాత్రాన్ని తట్టుకోవచ్చునేమో కాని, ఆ పొరపాటుకు సిరంజి పొరపాటు కూడా తోడైతే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

సిరంజి పొరపాటు నేనే చేశాను. పిస్టన్ కాడ మీద పౌండ్ల గుర్తులు, వాటి వెంట జరిగే ఒక ఉంగరం ఉంటాయి. ఉంగరాన్ని కావలసిన గుర్తు దగ్గరకు జరిపి, తిప్పి బిగించాలి. జరిపాను, బిగించానని అనుకున్నాను. గుర్రం దగ్గరకు వెళ్లకముందు, వంటింటి పళ్లెంలో కాగితం పరిచి ఒకసారి నొక్కి చూశాను. ఉంగరం ఆగవలసిన చోట ఆగకుండా కాడతో పాటే లోపలికి జారింది, పళ్లెంలో తెల్లని జెల్ కుప్పగా పడింది. అది బెల్లం నోట్లో జరిగి ఉంటే వెనక్కి తీసే ఉపాయం లేదు. పెద్ద గుర్రం విషయంలో ఉంగరం జారితే పడే తేడా పావు వంతో సగమో, పొట్టి గుర్రం విషయంలో అదే జారుడు రెట్లలో ఉంటుంది. ఆ తరువాత ఆ కాడను నమ్మడం మానేశాను. సూది లేని 3 మిల్లీలీటర్ల సిరంజి తీసుకొని, దాని పిస్టన్ ఊడదీసి, వెనక వైపు నుంచి జెల్ నింపి, గాలి బుడగలు పోయేటట్లు తట్టి, 1.7 గీత దగ్గర ఆపుతాను. ఇద్దరం విడివిడిగా గీతను చదివిన తరువాతే మందు పెట్టడం మా ఇంట్లో నియమం. ముందు నోట్లో ఎండుగడ్డి లేకుండా చూసుకోవాలి, లేకపోతే గడ్డి ముద్దతో పాటు మందు కూడా ఉమ్మేస్తుంది. ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య ఉండే ఖాళీలో సిరంజి పెట్టి, నాలుక మీద వదిలి, గడ్డం కొంచెంసేపు ఎత్తి పట్టుకుంటే మింగుతుంది.

మోతాదు మించిన గుర్రం ఎలా ఉంటుందో పశువైద్యురాలు నాకు ముందే చెప్పి ఉంచారు. కింది పెదవి వేలాడుతుంది, నడక తూలుతుంది, తల నేలకు వాలుతుంది, తరువాత పడుకొని లేవలేకపోతుంది, ఊపిరి నెమ్మదిస్తుంది. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. ఆసుపత్రిలో సెలైన్ పెట్టి, వెచ్చగా ఉంచి, పక్కకు పక్కకు తిప్పుతూ మందు దిగిపోయే వరకు రోజుల తరబడి కాపాడుకోవాలి. కొన్ని ఆసుపత్రులు మందును రక్తంలోనే పట్టి ఉంచడానికి కొవ్వు ద్రావణాన్ని నరంలోకి ఎక్కిస్తాయి. పొట్టి గుర్రాలకు ఇందులో ఇంకొక ప్రమాదం ఉన్నది. ఇవి ఒకటి రెండు రోజులు మేత మానితే చాలు, ఒంట్లోని కొవ్వు ఒక్కసారిగా రక్తంలోకి దిగి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. కాబట్టి మందు పెట్టిన తరువాత మేత వదిలిన గుర్రాన్ని "రేపు చూద్దాం" అని వదిలిపెట్టకూడదు. బెల్లం మాత్రం ఆ రెండు రోజులూ ఎప్పటిలాగే నా జేబులు వెతుకుతూ గడిపింది.

గుర్రపు పిల్లల గురించి ఒక్క మాట. పొట్టి గుర్రపు పిల్ల పుట్టినప్పుడు 20 పౌండ్ల చుట్టూ ఉంటుంది. దానికి ఈ జెల్‌తో పనే లేదు. పిల్లలను పట్టే పెద్ద గుండ్రని పురుగులు ఈ జాతి మందులకు చాలా చోట్ల లొంగడం లేదు. పైగా కడుపు నిండా పురుగులున్న పిల్లకు బలమైన మందు పెడితే, చచ్చిన పురుగులు ముద్దగా పేరుకొని పేగుకు అడ్డం పడవచ్చు. గుర్రపు పిల్లలకు ఏ మందు పెట్టాలన్న నిర్ణయం పశువైద్యులకే వదలాలి.

కుక్కలున్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. నేల మీద పడిన జెల్, వాడిన సిరంజి కుక్కలకు విషంతో సమానం. కోలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్ జాతుల కుక్కలలో చాలావాటికి పుట్టుకతోనే మెదడు కాపలా బలహీనంగా ఉంటుంది. మా కుక్కను ఆ పూటంతా ఇంట్లోనే ఉంచి, మిగిలిన జెల్‌కు మూత బిగించి, మందుల పెట్టెలో తాళం వేశాను.

ఐవర్‌మెక్టిన్ పేస్టుతో పోల్చి చూడడం న్యాయం. ఆ సిరంజి మీద సాధారణంగా 250 పౌండ్లకు ఒక గుర్తు ఉంటుంది. బెల్లానికి ఒక గుర్తు పెడితే కొంచెం ఎక్కువే పడుతుంది, అయినా ఆ మందుకు భద్రతా పరిధి విశాలం కనుక ఇబ్బంది రాదు. ధర కూడా తక్కువ. తిత్తిలో పురుగులను చంపలేకపోవడం ఒక్కటే దాని లోటు. అందువల్ల మాక్సిడెక్టిన్‌ను ఏడాదికి ఒక్కసారి, ఎండలు తగ్గిన తరువాత, లద్దె పరీక్షలో అవసరం తేలిన గుర్రానికి మాత్రమే వాడాలని నిర్ణయించుకున్నాము. మందుకు ముందు బెల్లం లద్దెలో గ్రాముకు 650 గుడ్లు ఉన్నాయి, రెండు వారాల తరువాత ఒక్కటీ లేదు. మిరియం లద్దెలో మొదటి నుంచీ 100 మాత్రమే. 200 లోపు ఉంటే తక్కువ కిందనే లెక్క కాబట్టి దానికి అప్పట్లో ఏ మందూ పెట్టలేదు. రెండుసార్లు మందు కొన్న డబ్బుకు ఒక లద్దె పరీక్ష వచ్చేస్తుంది.

కర్నూలు వైపు పెళ్లి ఊరేగింపులకు గుర్రాలను తిప్పే మా బాబాయి ఈ సంగతి విని, "వచ్చేటప్పుడు నాకూ రెండు సిరంజీలు పట్టుకురా అమ్మా" అన్నాడు. అవి పొట్టివి కాకపోయినా, 250 కిలోలు తూగే నాటు గుర్రాలకు ఈ సిరంజిలో సగమే సరిపోతుంది. ముందు తూకం వేయించి, అక్కడి పశువైద్యుణ్ణి అడగమన్నాను. సిరంజీలు తీసుకువెళ్లలేదు.

మందు పనితనానికి అయిదుకు నాలుగున్నర ఇస్తాను. సిరంజి తయారీకి, హెచ్చరిక ముద్రించిన తీరుకు రెండు. కాటా మీద తూచిన బరువు, లద్దె పరీక్ష ఫలితం, 3 మిల్లీలీటర్ల సిరంజి, ఫోన్ ఎత్తే పశువైద్యులు, ఈ నాలుగూ ఉన్నవారు కొనవచ్చు. ఒక్కటి తక్కువైనా పక్కనే ఉన్న ఐవర్‌మెక్టిన్ పేస్టు తీసుకోవడం మేలు. మిరియానికి మళ్లీ లద్దె పరీక్ష ఏప్రిల్‌లో ఉన్నది. అప్పటికి అది నాలుగు పౌండ్లయినా పెరగాలని రోజుకు రెండుసార్లు దాణా నానబెట్టి పెడుతున్నాము.