హెడ్‌ఫోన్లు అమ్మిన డ్రే, ఫ్లూట్ పట్టిన ఆండ్రే

ర్యాపర్ మైకు పక్కన పెట్టి ఇంకేదో చేస్తే ఫ్యాన్స్‌కి ఒళ్లు మండుతుంది, నాకూ మండేది. కానీ ఆ ఇంకేదో అన్నది అందరిదీ ఒకే రకం కాదు.

అమెరికన్ ర్యాపర్ డాక్టర్ డ్రేది వ్యాపారం. 2006లో మ్యూజిక్ ప్రొడ్యూసర్ జిమ్మీ అయోవీన్‌తో కలిసి బీట్స్ అనే హెడ్‌ఫోన్ల కంపెనీ మొదలుపెట్టాడు, 2014లో ఆపిల్ దాన్ని 300 కోట్ల డాలర్లకు కొనేసింది. పాటల సంగతి మాత్రం అడక్కండి. 1999 తర్వాత సొంత ఆల్బమ్ మళ్లీ వచ్చింది 2015లో, పదహారేళ్లకి! ఏళ్ల తరబడి ఊరించిన 'డీటాక్స్' ఆల్బమ్ అయితే రానే లేదు.

ఔట్‌కాస్ట్ అనే ర్యాప్ జోడీలో ఒకడైన ఆండ్రే 3000ది పూర్తిగా వేరే లెక్క. 2023 నవంబర్‌లో తెచ్చిన 'న్యూ బ్లూ సన్' ఆల్బమ్‌లో ఒక్క లైను కూడా ర్యాప్ లేదు, దాదాపు గంటన్నర ఫ్లూట్ చుట్టూనే తిరుగుతుంది. మొదటి ట్రాక్ పన్నెండు నిమిషాల పైనే, పైగా నిజంగా ర్యాప్ ఆల్బమే చేద్దామనుకున్నా గానీ గాలి ఇటు తోసింది అని దాని పేరులోనే చెప్పేశాడు. మొదటిసారి విన్నప్పుడు బీట్ ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూసి ఎదురుచూసి నాలుగో నిమిషంలో ఆపేశాను. ఇంకో రోజు రాత్రి లైట్లు ఆర్పేసి వింటే అప్పుడు ఎక్కింది. అదే ట్రాక్ అమెరికా హిట్ పాటల లిస్టు బిల్‌బోర్డ్ హాట్ 100లోకి కూడా వెళ్లింది, విచిత్రం కాకపోతే!

డబ్బు పరంగా ఇద్దరికీ పోటీయే లేదు. వినేవాడిగా మాత్రం నా ఓటు ఆండ్రేకే. ఆ ఫ్లూట్ విన్నది బీట్స్ హెడ్‌ఫోన్స్‌లోనే, అది వేరే విషయం.