గ్యాప్ మార్చగలిగే స్పార్క్ టెస్టర్: ఇంజను పని చేయించిన పాత బుల్లెట్‌పై చాలాకాలం వాడాక

ఒక ప్లాస్టిక్ గొట్టం, లోపల ఎదురెదురుగా రెండు లోహపు మొనలు, పక్కన మిల్లీమీటర్ల గీతలు, ఎర్తుకు తగిలించే క్లిప్పు. ప్లగ్గుకు అందే నిప్పురవ్వ ఎంత బలంగా ఉందో చూసే ఈ పరికరంలో ఇంతకు మించి వర్ణించవలసినది లేదు. నేను చెప్పదలచుకున్నదంతా ఆ రెండు మొనల మధ్య దూరాన్ని పెంచే, తగ్గించే స్క్రూ గురించే. ప్లగ్గు విప్పి, ఇంజను హెడ్డుకు ఆనించి, కిక్కు కొట్టి, నిప్పురవ్వ కనిపించగానే ‘కరెంటు బాగానే వస్తోంది’ అని తేల్చేయడం మన షెడ్లలో మామూలే. ఆ తీర్పును ఎంతవరకు నమ్మవచ్చో నాకు చూపించినది ఈ స్క్రూ. దీనిపై నాకు ఇంత అభిమానం ఏర్పడడానికి కారణం అదే.

నాది 1990ల నాటి బుల్లెట్ 350. ప్లగ్గుకు రవ్వ పుట్టించడానికి పాయింట్లు (తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే చిన్న స్విచ్చు), కండెన్సర్ వాడే ఇనుప బారెల్ (సిలిండర్) ఇంజను. అది పొగ వదులుతూ ఆయిలు తాగడం మొదలుపెట్టాక రాజమహేంద్రవరంలో బోరు తీయించి, ఓవర్‌సైజు పిస్టను, కొత్త రింగులు వేయించి, వాల్వులు గ్రైండింగ్ చేయించాను. పని చేయించాక కిక్కుకు కంప్రెషన్ గట్టిగా తగిలేది, ఐడిలింగ్ నిలకడగా ఉండేది, ఊళ్లో తిరుగుతున్నంతసేపు వంక పెట్టడానికి ఏమీ ఉండేది కాదు. అయితే రన్నింగ్-ఇన్ (కొత్త భాగాలు సర్దుకునేదాకా మెల్లగా నడపడం) ముగిశాక, మారేడుమిల్లి ఘాట్ ఎక్కుతూ మూడో గేరులో ఎక్సలేటర్ గట్టిగా తిప్పితే, బండి ముందుకు దూకవలసిన చోట వరసగా ఎక్కిళ్లు పెట్టినట్టు ఆగి ఆగి లాగేది. ఎక్సలేటర్‌ను సగానికి తగ్గించగానే ఆ తడబాటు మాయమయ్యేది. న్యూట్రల్‌లో ఎంత రెయిజ్ చేసినా ఒక్క మిస్ కూడా వచ్చేది కాదు.

మెకానిక్‌కు చూపిస్తే, “కొత్త బోరు కదా సార్, ఇంకా బిగువుంటుంది. జెట్టు కొంచెం పెంచుదాం,” అన్నాడు. జెట్టు అంటే కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం. అతని అనుమానం అర్థం లేనిది కాదు. ఈ బండిలోని మిక్‌కార్బ్ వీఎం రకం కార్బొరేటర్‌లో యాక్సిలరేటర్ పంపు (ఎక్సలేటర్ తిప్పగానే అదనంగా పెట్రోలు చిమ్మేది) ఉండదు కనుక, ఎక్సలేటర్‌ను హఠాత్తుగా తెరిస్తే గాలి ముందు, పెట్రోలు వెనక వచ్చే అవకాశం ఉంది. పైగా మానిఫోల్డు (కార్బొరేటర్‌ను ఇంజనుకు కలిపే గొట్టం) విప్పి బిగించిన బండికి గాలి లీకు కూడా రావచ్చు. కానీ జెట్టు మార్చాక ప్లగ్గు మసిబారిందే తప్ప తడబాటు తగ్గలేదు. ఘాట్‌లో అది వచ్చిన క్షణంలోనే చోక్ మీట కొద్దిగా లేపి చూసినా తేడా కనిపించలేదు. పెట్రోలు చాలకపోవడమే కారణమైతే, మిశ్రమం చిక్కబడినప్పుడు ఎంతో కొంత మార్పు తెలియాలి. గాలి లీకైతే అన్నిటికంటే ముందు ఐడిలింగ్ చెడాలి, ఇక్కడ అది చక్కగా ఉంది.

ఆ దశలో ఈ టెస్టర్ కొన్నాను. రెండు మొనల మధ్య నిప్పురవ్వ దూకడానికి కావలసిన వోల్టేజీ వాటి మధ్య దూరంతో పాటు అక్కడి గాలి పీడనం మీద కూడా ఆధారపడుతుందని జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ పాషెన్ 1889లోనే చూపించాడు. సిలిండర్‌లో కంప్రెస్ అయిన మిశ్రమంలో ప్లగ్గు చిన్న గ్యాపును దాటడానికి పట్టేంత వోల్టేజీ, బయటి గాలిలో అదే గ్యాపును దాటడానికి అక్కర్లేదు. అందుకే హెడ్డుకు ఆనించిన ప్లగ్గులో కనబడే రవ్వ దాదాపు ఏమీ చెప్పదు. ఎక్సలేటర్ మూసి ఉన్నప్పుడు సిలిండర్‌లోకి చేరే గాలి తక్కువ కనుక పీడనమూ తక్కువే. పూర్తిగా తెరిచి, లోడు మీద, మధ్యస్థ వేగంలో లాగుతున్నప్పుడు సిలిండర్ బాగా నిండి పీడనం పెరుగుతుంది. పీడనాన్ని సరిగా నిలపలేని అరిగిన రింగులతో నడిచినంతకాలం నీరసమైన కరెంటుతోనే ఇంజను నెట్టుకొచ్చింది. కొత్త రింగులు పడ్డాక ఆ కరెంటు చాలలేదు. ఇంజను పని మంచిదైనందువల్లే పాత లోపం బయటపడింది.

ఇంజను చల్లగా ఉన్నప్పుడు గ్యాపును 6 మిల్లీమీటర్ల దాకా తెరిచినా టెస్టర్‌లో రవ్వ దూకింది. ఘాట్ దిగి వచ్చిన వెంటనే, బారెల్ ఇంకా కాలుతుండగా నీడలో పెట్టి చూస్తే మాత్రం, 3 దగ్గర పసుపు రంగుకు తిరిగి సన్నబడి, 4 దాటాక ఒక కిక్కుకు వస్తూ, ఇంకో కిక్కుకు రాకుండా పోతూ ఉంది. ప్లగ్గు క్యాపు, వైరు మార్చినా అదే తీరు. పాయింట్లు ఉండే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, చీకటి పడ్డాక కిక్కు కొట్టించి చూస్తే పాయింట్ల మధ్య లావుపాటి మెరుపులు కనిపించాయి. ఒక పాయింటు మీద గుంట, రెండోదాని మీద బొడిపె ఏర్పడి ఉన్నాయి. పాయింట్లు తెరుచుకునే క్షణంలో అక్కడ కరెంటు వృథా కాకుండా ఆపి, ప్లగ్గుకు పెద్ద వోల్టేజీ పుట్టించే కాయిల్‌లోని అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా కూలేలా చేయడం కండెన్సర్ పని. బారెల్ వేడికి దగ్గరగా ఉన్న ఆ చిన్న డబ్బా వేడెక్కాక చేతులెత్తేస్తోంది. దాన్ని మార్చి, పాయింట్ల గ్యాపును 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య సరిచేయించాక, అదే వేడి మీద టెస్టర్‌లో 6 దగ్గర కూడా టపటపమని చప్పుడుతో నీలి రవ్వ దూకింది. జెట్టును పాత సైజుకు తెప్పించాను. అదే మలుపుల్లో మూడో గేరు ఆ తర్వాత తడబడలేదు.

ఇంతగా మెచ్చుకున్నాక కొన్ని విషయాలు చెప్పక తప్పదు. గొట్టం మీది గీతలు వెర్నియర్‌తో కొలిస్తే సరిపోలేదు. కనుక అంకెను నమ్మకుండా, ఇంజను చల్లగా ఉన్నప్పుడు వచ్చే రవ్వకూ వేడెక్కాక వచ్చే రవ్వకూ మధ్య తేడాను చూసుకోవడమే మేలు. క్లిప్పు స్ప్రింగు వదులై, ఎర్తు సరిగా అందక, లేని లోపాన్ని చూపించిన సందర్భమూ ఉంది; ఇప్పుడు దానికి వేరే క్లిప్పు బిగించాను. పట్టపగటి ఎండలో రవ్వ రంగు తెలియదు. గ్యాపును అత్యాశగా తెరిస్తే రవ్వకు దారి దొరక్క కాయిల్ ఇన్సులేషన్ దెబ్బతినవచ్చు. ప్లగ్గు విప్పిన రంధ్రం దగ్గర పెట్రోలు ఆవిరి ఉంటుంది కనుక టెస్టర్‌ను దూరంగా పెట్టడం తప్పనిసరి.

అన్నిటికంటే ముఖ్యం, ఇది రవ్వ బలాన్ని చూపిస్తుంది గాని, రవ్వ ఎప్పుడు పడుతోందో చూపించదు. వేగం పెరిగేకొద్దీ రవ్వను ముందుగా పడేలా చేసే ఆటో అడ్వాన్స్ బరువులు బిగుసుకుపోయి టైమింగ్ ముందుకు జరగకపోయినా ఎక్సలేటర్ తిప్పినప్పుడు బండి నీరసిస్తుంది, దాన్ని కనిపెట్టడానికి రవ్వ పడినప్పుడల్లా వెలిగే స్ట్రోబ్ లైటు కావాలి. నిరుడు దాదాపు అదే లక్షణం తిరిగి వచ్చినప్పుడు టెస్టర్ ఏ లోపమూ చూపలేదు. చివరికి పెట్రోలు ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయిందని తేలింది. మూత వదులు చేసి నడపగానే బండి బాగుపడింది.

నేను పాయింట్ల బండి నడుపుతాను, ఘాట్ రోడ్ల మీద తరచుగా తిరుగుతాను, చిన్న పనులు ఇంటి దగ్గరే చేసుకుంటాను. ఆ లెక్కన ఖర్చు పెట్టిన కొద్ది వందలకు నాకు పూర్తి విలువ దక్కింది. సీడీఐ (పాయింట్లు లేని ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్) బండి ఉన్నవారు గ్యాపు విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండవలసి ఉంటుంది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి ఉన్నవారికైతే స్కానర్ ఉన్న షెడ్డుకు వెళ్లడమే ముందు మేలనిపిస్తుంది. ఇంజను పని చేయించిన వెంటనే కండెన్సర్, ప్లగ్గు, క్యాపు కొత్తవి వేయించుకునేవారికి మాత్రం ఈ పరికరంతో పని పడకపోవచ్చు.