వెళ్లిపోతానన్న దేశాన్ని ఎలా సాగనంపాలి? బ్రస్సెల్స్, మాస్కో, అబుజా దారుల్లో ఏది మేలు?

ఐరోపా సమాఖ్య (ఈయూ, కేంద్రం బ్రస్సెల్స్) నుంచి వెళ్లిపోతున్న బ్రిటన్‌ను ఈయూ కావాలనే సతాయించిందా? మెత్తగా వదిలేసి ఉంటే ఇద్దరికీ మేలయ్యేదా? బ్రెగ్జిట్ మాట వచ్చిన ప్రతిసారీ ఈ ప్రశ్న తప్పడం లేదు. బ్రిటన్ ఒక్కదాన్నే చూస్తే జవాబు తేలదు. సోవియట్ యూనియన్‌లో ఒక రిపబ్లిక్‌గా ఉన్న లిథువేనియా విషయంలో మాస్కో ఏం చేసిందో, మాలి, బుర్కినా ఫాసో, నైజర్ విషయంలో పశ్చిమాఫ్రికా కూటమి ఎకోవాస్ (కేంద్రం అబుజా) ఏం చేసిందో పక్కపక్కన పెట్టి చూడాలి.

మాస్కో సంగతి త్వరగా తేలిపోతుంది. సోవియట్ రాజ్యాంగం 72వ అధికరణం ప్రకారం ప్రతి రిపబ్లిక్‌కూ విడిపోయే హక్కుంది. ఎలా విడిపోవాలో మాత్రం అందులో లేదు. 1990 మార్చి 11న లిథువేనియా స్వాతంత్ర్యం ప్రకటించాక, ఏప్రిల్ 3న హడావిడిగా ఒక చట్టం తెచ్చారు: రిఫరెండంలో మూడింట రెండొంతుల మంది ఓటర్ల మద్దతు రావాలి, ఆపైన ఐదేళ్ల దాకా ఆగాలి. ఆట మొదలయ్యాక రాసిన నియమాన్ని ఎవరు ఒప్పుకుంటారు? అదే నెలలో లిథువేనియాకు చమురు ఆపారు, గ్యాస్ తగ్గించారు. 1991 జనవరి 13న లిథువేనియా రాజధాని విల్నియస్‌లో టీవీ టవర్ దగ్గర సైన్యం జనాన్ని చంపాక రాజీకి చోటే లేకుండా పోయింది. సెప్టెంబర్ 6న మాస్కోయే ఆ స్వాతంత్ర్యాన్ని గుర్తించింది.

ఈయూ దగ్గర నియమం ముందే ఉంది. 2009లో అమల్లోకి వచ్చిన ఈయూ మూల ఒప్పందం 50వ అధికరణం ప్రకారం, నోటీసు ఇచ్చిన రోజు నుంచి రెండేళ్లు గడువు. దాన్ని పొడిగించాలంటే మిగిలిన దేశాలన్నీ ఒప్పుకోవాలి. నిష్క్రమణ ఒప్పందానికి మాత్రం 65 శాతం జనాభా ఉన్న 72 శాతం దేశాలు సరేనంటే చాలు, ఆపైన ఐరోపా పార్లమెంటు ఆమోదం. అంటే ఏ ఒక్క దేశమూ ఒప్పందానికి అడ్డం పడే వీల్లేదు, గడియారం మాత్రం వెళ్లేవాడి నెత్తిన టిక్కుటిక్కుమంటూ ఉంటుంది. 2016 జూన్ 23న బ్రిటన్‌లో బ్రెగ్జిట్ రిఫరెండం జరిగితే, 29 నాటికే 27 దేశాల నేతలు బ్రిటన్ లేకుండా కూర్చుని, నోటీసు ఇచ్చేదాకా చర్చల్లేవని తేల్చేశారు.

నా లెక్కలో అసలు కిటుకు వరసలో ఉంది. ముందు ఈయూకు బ్రిటన్ కట్టాల్సిన బాకీలు, పౌరుల హక్కులు, ఐర్లండ్ సరిహద్దు (బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లండ్‌కూ, ఈయూలో ఉన్న ఐర్లండ్‌కూ మధ్య). వాణిజ్యం ఆ తర్వాతే. బ్రిటన్ బాకీ ఎగ్గొడితే ఆ భారం 27 దేశాల మీదా పడుతుంది, కాబట్టి అక్కడ అందరిదీ ఒకే మాట. వాణిజ్యానికి వస్తే ఒకరికి చేపలు ముఖ్యం, ఇంకొకరికి కార్లు. దాన్ని ముందు పెట్టి ఉంటే లండన్ ఒక్కో రాజధానికి ఒక్కో ఆశ చూపించేది. ఈయూ తరఫున చర్చలు నడిపిన మిషెల్ బార్నియే ఒక్కడే అందరి తరఫునా మాట్లాడగలిగాడంటే ఈ వరసే కారణం.

అయితే వాణిజ్యం ఎలా ఉంటుందో తెలియకుండా ఐర్లండ్ సరిహద్దును తేల్చడం కుదరదు. ఈ వరస ఇరుక్కున్నది అక్కడే. 2019లో బ్రిటన్ పార్లమెంటు ఒప్పందాన్ని మూడుసార్లు తోసిపుచ్చింది. 2020 జనవరి 31న బ్రిటన్ బయటపడినా, ఉత్తర ఐర్లండ్‌కు వెళ్లే సరుకుల తనిఖీల గొడవ 2023 విండ్సర్ ఒప్పందం దాకా సాగింది.

ఎకోవాస్‌ది మొదట కోపం, తర్వాత మెతకదనం. 2023 జులైలో నైజర్‌లో సైనిక కుట్ర జరగగానే ఆంక్షలు పెట్టి, సైన్యాన్ని దింపుతామని బెదిరించి, ఆ పని చేయలేకపోయింది. 2024 జనవరిలో మూడు దేశాలూ వెళ్లిపోతున్నామన్నాయి. ఆ మరుసటి నెలలోనే ఎకోవాస్ నైజర్ మీది ఆంక్షలు చాలావరకు ఎత్తేసింది. ఏడాది నోటీసు ముగిసి 2025 జనవరి 29న అవి బయటికి వెళ్లాక కూడా, ఎకోవాస్ ముద్ర ఉన్న పాస్‌పోర్టులు, వీసా లేని రాకపోకలు, సరుకులకు సుంకం మినహాయింపు కొనసాగుతాయని చెప్పింది. మూడింటికీ సముద్రతీరం లేదు. మాలి సరుకు పొరుగు ఎకోవాస్ దేశాల్లోని డకార్, అబిజాన్ రేవుల మీదుగా రావాలి. లారీ డ్రైవర్‌కూ, సంతలో వ్యాపారికీ ఇది మేలే. కానీ బయటికి వెళ్లినా ఏమీ పోదని తేలిపోయింది. రెండు నెలలకే ఆ మూడు దేశాలు బయటి నుంచి వచ్చే సరుకుల మీద 0.5 శాతం సుంకం వేశాయి.

గ్రీన్‌లాండ్ 1985లో ఈయూకు ముందున్న ఐరోపా కూటమి నుంచి చేపల ఒప్పందం చేసుకుని సాఫీగా వెళ్లింది. సింగపూర్‌ను 1965లో మలేషియానే పంపేసింది, కాబట్టి ఈ లెక్కలోకి రాదు.

నా మొగ్గు బ్రస్సెల్స్ వైపే. అయితే వెళ్లే దేశంతో భూ సరిహద్దు ఉంటే, ఆ ఒక్క అంశాన్నీ మొదటి విడతలోంచి తీసి, వాణిజ్యంతో కలిపే మాట్లాడాలి.