జపాన్‌లో నెల సరుకులకి ఏది మేలు: కాస్ట్‌కోనా, గ్యోము సూపరా, ఇండియన్ షాపా?

మా ఇంట్లో ఫ్రిజ్‌కి ఫ్రీజర్ కింద సొరుగులాగా ఉంటుంది, జపాన్‌లో చాలా ఇళ్ళలో ఇంతే. ఆ సొరుగులో రెండు కేజీల చికెన్, ఒక బఠాణీ ప్యాకెట్, తురిమి పెట్టుకున్న కొబ్బరి పెడితే మూత పడడానికి మోకాలితో తొయ్యాలి. ఏది చవక అని ఎవరడిగినా నేను ముందు అడిగేది, మీ ఫ్రీజర్ ఎంతుంది? అని. నవ్వుతారు గానీ, మూడేళ్ళుగా మూడు చోట్లా కొని తిన్నాక నాకు తేలింది ఇదే, ఇక్కడ బల్క్ సరుకు రేటు కేజీల్లో చూస్తే సరిపోదు, ఇంట్లో అది ఎంత చోటు తింటుందో చూడాలి.

మేముండేది తోక్యోలో నిషికసాయ్ దగ్గర, ఇద్దరం, ఒక పాప, కారు లేదు, సైకిల్ ఉంది. ఇది ముందే చెప్పేస్తున్నా ఎందుకంటే తోక్యో బయట గున్మాలోనో ఇబరాకిలోనో కారున్న ఇంట్లో ఉండేవాళ్ళకి నా లెక్క సగం పనికిరాదు.

ముందు కాస్ట్‌కో సంగతి, మెంబర్లకి మాత్రమే పెద్ద పెద్ద ప్యాకెట్లు అమ్మే అమెరికా షాపు. పేరు చెప్పేటప్పుడు కాస్ట్‌కో అంటే ఇక్కడ ఎవరికీ అర్థం కాదు, కొసుతొకో అనాలి. 1999లో ఫుకువొకా పక్కన హిసయామాలో మొదటిది పెట్టారు, ఆ తర్వాత 2000లో చీబాలో మకుహరి. మాకు దగ్గర మకుహరియే, ట్రైన్‌లో అయితే తోజాయ్ లైన్‌లో నిషిఫునబాషి దాకా వెళ్ళి అక్కడ మారి కైహిన్‌మకుహరిలో దిగి నడుస్తాం. పోయేటప్పుడు హాయిగానే ఉంటుంది, వచ్చేటప్పుడు చేతిలో ముప్పై రోల్స్ టాయిలెట్ పేపర్ కట్ట పట్టుకుని ట్రైన్ ఎక్కితే అందరూ మనల్ని చూడనట్టు చూస్తారు చూడండి, అదీ అసలు ఖర్చు.

మెంబర్‌షిప్ 2025 మే నుంచి ఏడాదికి 5,280 యెన్‌లు చేశారు, అంతకుముందు 4,840 ఉండేది. నెలకి 440 పడుతుంది. ఎగ్జిక్యూటివ్ అని ఇంకోటుంది, 10,560, కొన్నదాంట్లో రెండు శాతం వెనక్కొస్తుంది అని కౌంటర్ దగ్గర చాలా ముద్దుగా చెబుతారు. మామూలు దానికి పైన కట్టే 5,280 రాబట్టుకోవాలంటే ఏడాదికి 2,64,000, అంటే నెలకి 22,000 యెన్‌లు అక్కడే ఖర్చు పెట్టాలి, మా ఇద్దరికీ పాపకీ అది జరగని పని. ఇంకో చిన్న విషయం, నెలలో ఏ తారీఖున చేరినా వచ్చే ఏడు అదే నెలాఖరు దాకా చెల్లుతుంది కాబట్టి నెల మొదట్లో చేరితే నాలుగు వారాలు కలిసొస్తుంది. నచ్చకపోతే రద్దు చేసుకుని ఫీజు వెనక్కి తీసుకోవచ్చు, కానీ ఆ తర్వాత కొంతకాలం మళ్ళీ చేరనివ్వరు, కాబట్టి ఆ తెలివి ప్రతి ఏడాదీ పనిచేయదు.

క్రెడిట్ కార్డు మాస్టర్‌కార్డ్ ఒక్కటే తీసుకుంటారు. పోయినేడు మా పెద్దమ్మ కూతురు, డాలస్‌లో ఉంటుంది, చెర్రీ పూలు చూద్దామని పిల్లలతో వచ్చింది. అక్కడి మెంబర్ కార్డు ఇక్కడా పనిచేస్తుంది, లోపలికి దర్జాగా వెళ్ళాం, అక్క బండి నిండా నింపింది, బిల్లు దగ్గర వీసా కార్డు తీసింది. అమెరికాలో అక్కడ వీసానే, ఇక్కడ వీసా నడవదు. "ఏంటిరా తమ్ముడూ, ఒకే షాపు కదా!" అంది. నా దగ్గర ఉన్న క్యాషూ బావగారి పర్సులో ఉన్న యెన్‌లూ కలిపి కట్టి బయటపడ్డాం. అమెరికా నుంచి చుట్టాలొస్తుంటే ముందే చెప్పి పెట్టండి.

ఇక లోపల మనకి పనికొచ్చేవి ఏంటి? నా లెక్కలో మొదటిది వెన్న. న్యూజిలాండ్‌ది, ఉప్పులేనిది, 454 గ్రాముల దిమ్మ. దాన్ని కాచి నెయ్యి చేసుకుంటే ముప్పావు వంతు పైనే నెయ్యి దిగుతుంది, ఇల్లంతా అమ్మమ్మగారింటి వాసన. ఇండియన్ షాపులో నెయ్యి సీసా ధర చూసిన తర్వాత ఈ దిమ్మ కనిపిస్తే వదలబుద్ధి కాదు. రెండోది బాదం, 1.13 కేజీల ప్యాకెట్. మూడోది సకురాదొరి అనే జపాన్ రకం చికెన్, 2.4 కేజీలు, నాలుగు భాగాలుగా సీల్ చేసి ఉంటుంది, కత్తిరించి ఒక్కోటి ఒక్కో వారానికి పడేసుకోవచ్చు, ఎముకలు ఉండవు కాబట్టి పులుసుకి అంత బావుండదు గానీ వేపుడుకి బాగా పనికొస్తుంది. ఆపైన డైపర్లు, టిష్యూలు, జిప్‌లాక్ కవర్లు.

పనికిరానివి ఎక్కువే. డిన్నర్ రోల్స్ 36 ఒక సంచిలో ఉంటాయి, మొదటి రోజు మెత్తగా దూదిలా ఉంటాయి, మూడో రోజుకి మనం వాటిని తప్పించుకు తిరుగుతాం. సుషీ 48 ముక్కల పళ్ళెం, అదే రోజు తినాలి, పది మంది ఉంటే తప్ప దాని జోలికి పోవద్దు. ఫుడ్ కోర్టులో హాట్‌డాగ్ డ్రింక్‌తో కలిపి 180 యెన్‌లు, తోక్యోలో ఆ డబ్బుకి వేరే ఏమీ రాదు నిజమే, కానీ ఇక్కడ లోపల ఉండే సాసేజ్ పంది మాంసంది, అమ్మానాన్నలు ఊరినుంచి వచ్చినప్పుడు ముందే చెప్పి పిజ్జా ముక్క ఇప్పించండి, మా అమ్మ సగం కొరికాక అడిగింది ఇందులో ఏముందిరా అని. రెడీమేడ్ ఏది కొన్నా లేబుల్ మీద గ్యూనికు అంటే గొడ్డు మాంసం, బుతానికు అంటే పంది మాంసం, ఈ రెండు మాటల కాంజీలు (జపాన్ లిపి బొమ్మక్షరాలు) ఫోన్‌లో దాచుకుంటే మూడు షాపుల్లోనూ పనికొస్తాయి.

ఇప్పుడు గ్యోము సూపర్. ఆకుపచ్చ బోర్డు, గ్యోము అంటే వ్యాపార పని అని అర్థం, పేరు చూసి హోటళ్ళవాళ్ళకేమో అని నేను ఆరు నెలలు లోపలికి పోలేదు, మామూలు జనం కూడా రావచ్చు అని బోర్డు మీదే రాసి ఉంటుంది, చదవడం రాక. కొబె బుస్సాన్ అనే కంపెనీది, 2000లో హ్యోగో జిల్లా మికిలో మొదలైంది, ఇప్పుడు దేశమంతా వెయ్యికి పైగా ఉన్నాయి. మెంబర్‌షిప్ లేదు, ఫీజు లేదు, సైకిల్ బుట్టలో పట్టే సైజులు. కాస్ట్‌కోకి అసలు పోటీ ఇదే అని నా అభిప్రాయం, దాన్ని జనం పచారీ కొట్టులాగా తీసిపారేస్తారు గానీ.

అక్కడ నేను కళ్ళు మూసుకుని తీసేవి: మలేషియా నుంచి వచ్చే ఫ్రోజెన్ పరాటాలు, ఐదు ఒక ప్యాకెట్, పెనం మీద వేస్తే పొరలు పొరలుగా వస్తాయి, ఇటలీ టమాటా డబ్బాలు, కొబ్బరిపాల డబ్బాలు, అరకేజీ పాలకూర, రెండు కేజీల బ్రెజిల్ చికెన్. పాలకూర పప్పుకి ఆ ఫ్రోజెన్ ఆకు చాలు, కడిగే పని లేదు. ఒక్క బెండకాయ మాత్రం వద్దు, ముక్కలు కోసి ఫ్రీజ్ చేసి అమ్ముతారు, ఇక్కడివాళ్ళకి ఆ జిగురే ఇష్టం, నట్టోలో, అంటే పులియబెట్టిన సోయా గింజల్లో, కలుపుకుని సాగదీసుకు తింటారు, మనం వేపుడు చేద్దామని మూకుట్లో వేస్తే బంకగా తయారవుతుంది. ఫ్రాంచైజీ షాపులు కాబట్టి ఒక్కోచోట ఒక్కో రేటు, కొన్నిచోట్ల క్యాష్ మాత్రమే, జేబులో నోట్లు పెట్టుకుని వెళ్ళాలి. రేటు కార్డు మీద పెద్దగా కనిపించే అంకె సాధారణంగా పన్ను కలపనిది, తిండి వస్తువులకి ఎనిమిది శాతం, మిగతా వాటికి పది, కాస్ట్‌కోలో రాసేది పన్ను కలిపిన రేటు, రెండూ పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. సంచికి డబ్బులు తీసుకుంటారు, కానీ ఖాళీ అట్టపెట్టెలు ఒక మూల పేర్చి ఉంటే తీసుకోవచ్చు.

అయితే కందిపప్పు, సోనా మసూరి, చింతపండు, ఇడ్లీ రవ్వ, గోంగూర పచ్చడి, ఇవి పై రెండు చోట్లా వెతికి టైం పాడుచేసుకోవద్దు. నిషికసాయ్‌లో అయినా, ఓజిమాలో అయినా, షిన్‌ఓకుబోలో అయినా ఇండియన్ షాపుకి పోవాల్సిందే, ఎముకలున్న కోడి, మేకమాంసం కావాలంటే షిన్‌ఓకుబో హలాల్ షాపులు. కాస్ట్‌కోలో దొరికేది గొర్రె, అది కూడా ఆస్ట్రేలియాది, ఆ వాసన పోగొట్టడానికి మసాలా రెట్టింపు వెయ్యాలి. దూరంగా ఉండేవాళ్ళకి ఇండియన్ షాపుల ఆన్‌లైన్ ఉంది, బియ్యం, పప్పులు పెట్టెల్లో ఇంటి గుమ్మం దాకా వస్తాయి, డెలివరీ అబ్బాయి ఇరవై కేజీలు నాలుగో అంతస్తుకి మోసి "షిత్సురే షిమాస్" (ఇక సెలవండి) అని వంగి వెళ్తాడు, మనకే సిగ్గేస్తుంది. కాస్ట్‌కోకీ ఆన్‌లైన్ ఉంది గానీ రేట్లలో రవాణా కలిపేసి ఉంటుంది, షాపులో రేటు తెలిసినవాళ్ళకి మింగుడుపడదు.

2025లో ఇక్కడ బియ్యం రేట్లు ఏడాదిలోనే రెట్టింపై ఐదు కేజీలు 4,000 యెన్‌లు దాటాయి కదా, అప్పుడు మా జపాన్ కొలీగ్స్ కాలిఫోర్నియా బియ్యం కోసం తిరుగుతుంటే మేం మాత్రం సోనా మసూరి బస్తా మీద కూర్చుని ఉన్నాం, ఆ ఒక్క ఏడాది మన అలవాటు మనల్ని కాపాడింది.

బస్తా అన్నాను గానీ ఒక హెచ్చరిక. జూన్, జూలైల్లో త్సుయు, వానల కాలం. అప్పుడు గాలిలో తేమకి బియ్యానికి పురుగు పడుతుంది, ఉప్మా రవ్వ ముద్ద కడుతుంది. మొదటి ఏడాది నేను ఆఫర్ కదా అని ఐదు కేజీల రవ్వ తెచ్చి గోడలో ఉండే ఓషీఇరె అనే అల్మారాలో పరుపుల పక్కన పెట్టా, జూలైలో తీసి చూస్తే రవ్వ నడుస్తోంది. తప్పు షాపుది కాదు, నాదే. ఇప్పుడు రవ్వ, శనగపిండి అన్నీ ఫ్రిజ్‌లోనే, అంటే మళ్ళీ చోటు గొడవే. అందుకే మే తర్వాత సెప్టెంబర్ దాకా ఎంత చవకైనా పెద్ద ప్యాకెట్ కొనను.

మరి తేల్చి చెప్పు అంటారా. ఒక్కరే ఉంటే, లేదా కొత్తగా పెళ్ళయి చిన్న ఇంట్లో ఉంటే, గ్యోము సూపర్ ప్లస్ ఇండియన్ షాపు, కాస్ట్‌కో మర్చిపోండి, అంతగా ఆ రోల్స్ తినాలనిపిస్తే కాస్ట్‌కో సరుకు విడదీసి అమ్మే చిన్న షాపులు ఇప్పుడు చాలాచోట్ల వచ్చాయి, కాస్త ఎక్కువ తీసుకుంటారు గానీ ఐదో ఆరో కొనుక్కోవచ్చు. కారూ, డైపర్లు వేసే పిల్లలూ, విడిగా ఫ్రీజరూ ఉంటే కాస్ట్‌కో కళ్ళు మూసుకుని తీసుకోండి, పెట్రోల్ బంకు ఉన్న బ్రాంచి దగ్గరుంటే ఇంకా మంచిది. నాలుగు రోజులకి తిరగడానికి వచ్చేవాళ్ళు అసలు వెళ్ళొద్దు, హోటల్ గదిలో ఆ ఫ్రిజ్ రెండు పెరుగు కప్పులకే నిండిపోతుంది, విదేశీ కార్డు చేతిలో ఉండి పిల్లలు సరదా పడితే తప్ప.

మాలాగా మధ్యలో ఉన్నవాళ్ళకి ఒకటే దారి, వాటాలు. మెంబర్ ఒక్కడు, వెంట పెద్దవాళ్ళు ఇద్దరు వెళ్ళొచ్చు, పిల్లలకి లెక్క లేదు. మా బిల్డింగ్‌లో ఒక నెల్లూరు కుటుంబం, ఒక వరంగల్ కుటుంబం, మేము, రెండు నెలలకోసారి గంటల లెక్కన కారు అద్దెకి తీసుకుని వెళ్తాం. బిల్లు నేనే కట్టాలి, కార్డు నాది కాబట్టి, ఇంటికొచ్చాక మా వంటింటి బల్ల మీద బాదం తూచి పంచడం, పేపే అనే ఫోన్ యాప్‌లో ఎవరి వాటా వాళ్ళు పంపడం. వరంగల్ వదిన డిజిటల్ తూకం తెస్తుంది, ఒక్క గ్రాము పోనివ్వదు. దొడ్డ మనసుతో ఎక్కువ వేస్తే "వద్దు తమ్మీ, లెక్క లెక్కే" అంటుంది.

హైదరాబాద్‌లో కాస్ట్‌కో టెక్ ఆఫీసు పెడుతోందని 2025లో వార్తలొచ్చినప్పుడు మా నాన్న ఫోన్ చేసి ఇక అక్కడి నుంచి మోసుకురావద్దులే అన్నాడు, ఆఫీసు నాన్నా, షాపు కాదు అని చెప్పేసరికి ఐదు నిమిషాలు పట్టింది, బాదం ప్యాకెట్ మాత్రం ఈసారి కూడా తెమ్మన్నాడు.

మా పాపకి గత నెలతో డైపర్లు అయిపోయాయి. కార్డు మేలో ముగుస్తుంది. డైపర్లు లేకుండా 5,280 గిట్టుతుందా అని నేను, వెన్న ఉంది కదా అని మా ఆవిడ, ఇంకా తేలలేదు.