ఒక్క రోజులో బౌద్ధారామం, సరస్సు: జిరంగ్ యాత్రా, రామతీర్థమా, శాలిహుండమా – ఏది మేలు?

కార్తీక వనభోజనాల నాటి నుంచి సంక్రాంతి సెలవులు ముగిసే దాకా శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో ఒక్కరోజు యాత్రల మాట తరచుగా వినబడుతుంది. కొండమీద బౌద్ధారామాన్నీ, దానితో పాటు ఒక సరస్సునూ ఒకే రోజులో చూసి రావాలనుకునే కుటుంబానికి మన వైపు నుంచి ముఖ్యంగా మూడు దారులున్నాయి. మొదటిది, ఒడిశాలోని గజపతి జిల్లా చంద్రగిరి దగ్గర జిరంగ్‌లో టిబెటన్లు కట్టుకున్న పద్మసంభవ మహావిహారాన్ని చూసి, బరంపురం మీదుగా రంభ చేరి, చిలికా సరస్సులో పడవ ఎక్కి, రాత్రికి ఇల్లు చేరే వ్యాను యాత్ర. దీనికి గైడు తోడుగా ఉంటాడు. రెండవది, విజయనగరం దగ్గరి రామతీర్థం కొండలనూ తాటిపూడి జలాశయాన్నీ మనంతట మనం చూసుకోవడం. మూడవది, శాలిహుండం కొండ ఎక్కి కళింగపట్నంలో సాయంత్రం గడపడం. ఈ మూడవదానిలో సరస్సు లేదు గాని నీటికి కొదవ లేదు.

వీటిని తూచేటప్పుడు ఎవరైనా ముందు దూరాన్నీ తలకు పడే ఖర్చునూ లెక్కవేస్తారు. అవి చూడవలసినవే. అయితే గైడు యాత్రకు డబ్బు కట్టేవారు అంతకంటే ముందు ఆలోచించవలసింది, ఆ స్థలంలో చెప్పేవాడు లేకపోతే మనకు ఏమి నష్టం అన్నది. పూజలు జరిగే విహారంలో గైడు లేకపోయినా చూడగలిగింది చాలా ఉంటుంది. పునాదులు మాత్రమే మిగిలిన విహారంలో చెప్పేవాడు లేకపోతే ఇటుకల గుట్టలు చూసి దిగిరావడమే అవుతుంది. చిత్రమేమంటే, వ్యాను యాత్రల వాళ్లు గైడును పంపేది మొదటి రకానికి. రెండవ రకానికి గైడును మనమే వెతుక్కోవాలి.

జిరంగ్ సంగతి ముందు చూద్దాం. 1959 తరువాత టిబెట్ విడిచి వచ్చినవారికి 1963లో చంద్రగిరి ప్రాంతంలో నివాసం ఏర్పడింది. దాని పేరు ఫున్‌చోక్‌లింగ్. చుట్టూ కొండలు, మొక్కజొన్న చేలు, గాలికి ఊగే రంగురంగుల ప్రార్థన జెండాలు, వాటి నడుమ 2010లో దలైలామా ప్రారంభించిన మహావిహారం. లోపల బుద్ధుని విగ్రహం, గోడల నిండా చిత్రాలు, బారులు తీరి కూర్చుని చదువుకునే ఎర్ర వస్త్రాల పిల్ల భిక్షువులు. ఇది టిబెటన్ బౌద్ధంలోని ఞింగ్మా అనే శాఖకు, దాని సంప్రదాయానికి చెందిన విహారం. ఆ సంప్రదాయం వారు ఎనిమిదవ శతాబ్దంలో టిబెట్‌కు బౌద్ధాన్ని తీసుకువెళ్లిన పద్మసంభవుణ్ణి రెండవ బుద్ధునిగా కొలుస్తారు. చెప్పులు విడిచి, కుడి చేతి వైపుగా ప్రదక్షిణ చేయడం మనకు కొత్తేమీ కాదు కనుక అక్కడ తెలుగు కుటుంబం ఇబ్బంది పడదు. పూజ జరుగుతున్నంతసేపు ఫోటోలు తీయకుండా ఉండాలన్న మాట పిల్లలకు ముందే చెప్పి ఉంచితే చాలు.

ఇంకొక సంగతి ఉంది. చలికాలంలో మన పట్టణాల రోడ్ల పక్కన స్వెట్టర్లు, శాలువాలు అమ్మే టిబెటన్లను చూస్తుంటాం కదా, ఇటువంటి నివాసాల్లో చాలా కుటుంబాలకు ఆ వ్యాపారమే ఏడాది ఆదాయంలో పెద్ద వంతు. అందువల్ల మనకు తీరిక దొరికే నవంబరు, డిసెంబరు నెలల్లో అక్కడి పెద్దలు కొందరు ఇళ్లలో ఉండరు. మనుషులను కూడా చూడాలనుకుంటే వారి కొత్త సంవత్సరం లోసర్ వచ్చే ఫిబ్రవరి, మార్చి రోజులు మెరుగు. ఈ విషయం ఏ యాత్ర ప్రకటనలోనూ ఉండదు.

దారి విషయంలో మాత్రం గైడు యాత్రకు మార్కులు వేయక తప్పదు. పాతపట్నం, పర్లాకిమిడి దాటిన తరువాత ఆర్.ఉదయగిరి, మోహన మీదుగా వెళ్లే దారిలో కొండ మలుపులు ఎక్కువ. ఆ ఘాట్ తెలిసిన డ్రైవరు చేతిలో బండి ఉండడం ఒక నిశ్చింత. అద్దె బండి అయితే ఒడిశాలోకి వెళ్లడానికి ఆలిండియా టూరిస్టు పర్మిట్ ఉండాలి. తెల్ల నంబరు ప్లేటు ఉన్న సొంత కారుకు ఆ గొడవ లేదు. పర్లాకిమిడి వరకు తెలుగు ధారాళంగా నడుస్తుంది. ఆ పట్టణం 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో చేరినా బజారులో మాట ఇంకా రెండు భాషల్లోనూ సాగుతుంది. ఆ పైన ఒడియా గాని హిందీ గాని రావాలి, లేదా వచ్చినవాడు పక్కన ఉండాలి. అంటే జిరంగ్ యాత్రలో మనం నిజంగా కొనుక్కునేది డ్రైవరునూ దుబాసీనీ. చరిత్ర చెప్పే మనిషిని కాదు.

అసలు చిక్కు చిలికాను కూడా అదే రోజు కలపడంలో ఉంది. శ్రీకాకుళం నుంచి కొండల మీదుగా జిరంగ్, అక్కడి నుంచి బరంపురం, రంభ, మళ్లీ జాతీయ రహదారిపై ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి మీదుగా ఇల్లు: ఈ చుట్టు 400 కిలోమీటర్లకు పైమాటే. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరినా విహారంలో గంటన్నర, సరస్సులో గంటన్నర కంటే మిగలదు. తక్కినదంతా బండిలో కూర్చోవడమే. చిలికా చిన్న చెరువు కాదు. వానాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకునే ఉప్పునీటి సరస్సు అది, 1981లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. వలస పక్షులు గుమిగూడే నలబన దీవి దాకా పోవాలంటే రంభలో సాయంత్రం హడావిడిగా ఎక్కే పడవతో కుదరదు. పక్షుల పేరు చెప్పి టిక్కెట్టు అమ్మి, పొద్దు వాలే వేళకు రేవు చేర్చే యాత్రను నేను ఎవరికీ సూచించను.

రామతీర్థం వైపు వస్తే లెక్క తారుమారవుతుంది. విజయనగరం నుంచి నెల్లిమర్ల మీదుగా సుమారు 12 కిలోమీటర్లు; ఆటోలో కూడా పోవచ్చు. జనం ఎక్కువగా వెళ్లేది రామాలయానికి. అయితే అక్కడ పక్కపక్కనే మూడు కొండలున్నాయి: బోధికొండ, గురుభక్తులకొండ, దుర్గకొండ. గురుభక్తులకొండ మీద స్తూపం, ఏనుగు వీపులా ఒక కొస గుండ్రంగా ఉండే గజపృష్ఠాకారపు చైత్యగృహాలు (పూజామందిరాలు), విహారంలోని భిక్షువుల గదుల పునాదులు కొండ అంచు వెంట పొడుగునా సాగుతాయి. కింద చెరువులు, వరి పొలాలు కనబడే ఆ చోటును వర్షావాసానికి, అంటే భిక్షువులు వానాకాలమంతా ఒకేచోట ఉండడానికి, ఎందుకు ఎంచుకున్నారో అక్కడ నిలబడితే చెప్పకుండానే అర్థమవుతుంది. దుర్గకొండ గుహలో జైన తీర్థంకరుల విగ్రహాలున్నాయి. రాజరాజనరేంద్రుని తండ్రి అయిన తూర్పు చాళుక్య విమలాదిత్యుని కాలపు శాసనం ఒకటి, ఆయన గురువైన జైనాచార్యుడు త్రికాలయోగి సిద్ధాంతదేవుడు ఈ కొండకు మొక్కిన సంగతి చెబుతుంది. బౌద్ధం, జైనం, రామభక్తి ఒకే ఊరి కొండల మీద ఒకదాని పక్కన ఒకటి నిలిచిన చోటు ఇది. కాని ఏది చైత్యమో ఏది విహారమో తెలియనివాడికి ఇవన్నీ మోకాలెత్తు గోడలే. చరిత్ర చదివిన ఒక బంధువునో, స్థానిక కళాశాల అధ్యాపకుణ్ణో వెంట తీసుకువెళ్లగలిగితే, వ్యాను యాత్ర గైడుకు ఇచ్చే సొమ్ముకంటే ఆయనకు పెట్టే భోజనం ఎక్కువ ఫలితమిస్తుంది.

తాటిపూడి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. గోస్తని నదిపై 1963–68 మధ్య కట్టిన జలాశయం, విశాఖపట్నం తాగునీటికి ఆధారం, వెనుక అనంతగిరి కొండలు. విజయనగరం నుంచి పడమరగా వెళ్లాలి కనుక రామతీర్థం చూసి, పట్టణంలో భోజనం చేసి, మూడింటికి అక్కడికి చేరితే ఎండ తగ్గి హాయిగా ఉంటుంది. పడవలు తిరుగుతున్నాయో లేదో మాత్రం బయలుదేరే ముందే ఫోను చేసి కనుక్కోవాలి. పడవ కోసమే వెళ్లేవారు నిరాశ పడే వీలుంది.

శాలిహుండం శ్రీకాకుళం వారికి ఇంటి పెరడు వంటిది, అందుకే కాబోలు పట్టించుకోరు. గార మండలంలో, వంశధార దక్షిణపు ఒడ్డున ఉన్న ఈ కొండమీది శిథిలాలను 1919లో గుర్తించి లోకానికి చెప్పినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ సవర భాష నేర్చి, దానికి నిఘంటువు, వ్యాకరణం కూర్చినవారు. జిరంగ్ పోయే దారిలో తగిలే కొండపల్లెలు ఆ సవరలవే. కొండ మెట్లు ఎక్కుతూ పోతే ఒక్కొక్క మెరకన ఒక్కొక్క స్తూపం, గుండ్రని చైత్యం, గజపృష్ఠాకారపు చైత్యం వరుసగా వస్తాయి. క్రీస్తుపూర్వం రెండవ శతాబ్దం నుంచి క్రీస్తుశకం పన్నెండవ శతాబ్దం దాకా ఇక్కడ బౌద్ధం నిలిచిందని పురావస్తువారు చెబుతారు. బౌద్ధ దేవతలైన తార, మారీచి విగ్రహాలు దొరకడం వల్ల చివరి కాలంలో వజ్రయానం, అంటే టిబెటన్లు కూడా పాటించే తాంత్రిక బౌద్ధం, ఇక్కడ నడిచిందని తెలుస్తుంది. ఈ ఒక్క విషయం తెలిసి వెళ్తే, జిరంగ్‌లో గోడల మీద కనిపించే తారాదేవి మనకు పరాయి దేవతగా తోచదు. ఆమెను వంశధార ఒడ్డున కూడా కొలిచారు. నీడ తక్కువ గనుక ఉదయం తొమ్మిదిలోపు ఎక్కి దిగడం మంచిది. మధ్యాహ్నం ఇంట్లో విశ్రమించి, సాయంత్రం కళింగపట్నంలో నది సముద్రంలో కలిసే చోటికీ లైట్‌హౌసుకూ పోవచ్చు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దలను తీసుకువెళ్లేవారికి జిరంగే అనువు, ఎందుకంటే బండి విహారం దాకా పోతుంది. గురుభక్తులకొండ వారికి కష్టం. చిన్నపిల్లలతో ఉన్నవారు ఘాట్ మలుపుల్లో వాంతులు పడే కంటే తాటిపూడికి పోవడం నయం. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారు శాలిహుండం ముందు చూసి, ఆ తరువాతే జిరంగ్ పోవాలని నా సలహా. వరుస మారితే సగం విషయం చేజారుతుంది.

వ్యాను యాత్రే ఖాయం చేసుకుంటే, చిలికా లేకుండా జిరంగ్ మాత్రమే చూపే వారిని వెతకండి. తిరుగు దారిలో తప్తపాణి వేడినీటి బుగ్గ దగ్గర ఒక గంట ఆపితే రోజు నిండుతుంది. చెప్పిన ధరలో టోల్‌గేట్లు, డ్రైవరు బేటా, పర్మిటు ఖర్చు కలిశాయో లేదో కాగితం మీద రాయించుకోండి. చిలికాకు మరొక రోజు కేటాయించి, ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్ స్టేషను నుంచి బాలుగావ్‌లో ఆగే రైలు చూసుకుని ఎక్కితే, దిగిన చోటికి బార్కుల్ రేవు దగ్గరే. ఉదయం పూట పడవ దొరికితే పక్షులను తీరిగ్గా చూడవచ్చు.