బ్యాంకు వకీలు కాగితాలు చూడకముందే బయానా ఇవ్వకండి: మాకు 80 వేలు పోయాయి

కాజీపేటలో పదకొండేళ్లుగా కిరాయికుంటున్నాం. నేను ప్రైవేటు బడిలో టీచర్‌ని, మా ఆయన మందుల ఏజెన్సీలో పని చేస్తారు. ఇద్దరి జీతాలు కలిపి 41 వేలు. ఈ జీతాలతో సొంతిల్లు కొనాలని తిరిగేవాళ్లు వరంగల్‌లో మా లాంటివాళ్లు చాలామందే ఉంటారు. అందుకే రాస్తున్నాను.

గొర్రెకుంట వైపు 80 గజాల్లో చిన్న ఇల్లు చూపించారు. రెండు గదులు, వాకిట్లో తులసి గద్దె, ధర 28 లక్షలు. లోను 22 లక్షలు తీసుకుంటే ఇరవై ఏళ్లు నెలకు 19 వేల పైచిలుకు కిస్తీ. కష్టమే, కానీ కట్టగలమనుకున్నాం. ఏజెంటు ఇంకో ఆశ కూడా పెట్టాడు, "పీఎం ఆవాస్‌లో 2.67 లక్షలు వెనక్కొస్తయి అక్కా" అని. ఆ పాత వడ్డీ సబ్సిడీ 2022 మార్చితోనే ఆగిపోయింది. 2024లో వచ్చిన కొత్త పథకంలో గరిష్ఠంగా 1.80 లక్షలే, అదీ ఒకేసారి రాదు. ఇది నాకు తర్వాత తెలిసింది.

కాగితాలు అడిగితే ప్లాస్టిక్ కవరు తెచ్చి ముందు పెట్టాడు. అందులో సేల్ డీడ్ జిరాక్స్, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, నాలుగు మడతలు పెట్టిన ఒక రసీదు ఉన్నాయి. ఆ రసీదు చూపించి "ఎల్‌ఆర్‌ఎస్ క్లియర్" అన్నాడు, అంటే అనుమతి లేని లేఅవుట్‌లోని ప్లాటును ప్రభుత్వం సక్రమం చేసిందని. పన్ను కడుతున్నారు, మీటరుంది, ఇంకేం కావాలనుకున్నాం. "హైదరాబాద్ పార్టీ రేపొస్తున్నరు, ఇయ్యాల రాసుకోకుంటే పోతది" అనేసరికి నష్టానికి చిట్టీ పాడి మరీ 2 లక్షలు బయానా ఇచ్చాం.

వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్నాం. ఎనిమిదో లైను ఇప్పటికీ నోటికొస్తుంది: "గడువులోగా మిగతా సొమ్ము చెల్లించని యెడల బయానా తిరిగి ఇవ్వబడదు." గడువు 60 రోజులు. లోను రాకపోతే ఏంటన్న మాట ఎక్కడా లేదు. అది అడగాలని మాకు తట్టలేదు.

మూడో వారంలో బ్యాంకు వకీలు రిపోర్టు వచ్చింది. మడతల కాగితం 2020లో పెట్టుకున్న ఎల్‌ఆర్‌ఎస్ దరఖాస్తుకు కట్టిన 1000 రూపాయల రసీదట, అంతే. అసలు ఫీజు కట్టనే లేదు, సక్రమం చేసినట్టు ఇచ్చే ఉత్తర్వు, అంటే ప్రొసీడింగ్స్, రాలేదు. లేఅవుట్‌లో ఖాళీ జాగా వదలకపోతే ప్లాటు విలువలో 14 శాతం అదనంగా కట్టాలి, అదీ మన నెత్తినే పడేది. ఇంటికి పర్మిషన్ కూడా లేదు. పర్మిషన్ లేని ఇంటికీ మున్సిపాలిటీ పన్ను కట్టించుకుంటుందని, ఆ రసీదు ఉన్నంత మాత్రాన ఇల్లు సక్రమమైనట్టు కాదని ఆ వకీలే చెప్పారు. బ్యాంకు లోను ఇవ్వనంది.

ఓనరు మాత్రం "నేనైతే అమ్మనంటలేను గదా, పైసలు మీరు తేలేదు" అన్నాడు. ఏజెంటు ఫోనెత్తడం మానేశాడు. పెద్దమనుషుల్లో మూడుసార్లు కూర్చున్నాక 1.20 లక్షలు తిరిగొచ్చాయి. మిగతా 80 వేలు, బ్యాంకుకు కట్టిన లీగల్ ఫీజు, చిట్టీలో పోయిందీ పోయినట్టే. వారం రోజులు మా ఆయన నాతో సరిగా మాట్లాడలేదు. ఇల్లు నచ్చిందన్నది నేనే మరి.

ఇప్పుడు ఇంకో ఇల్లు చూస్తున్నాం, ఈసారి పద్ధతి మార్చాం. ముందు జిరాక్సులు అడుగుతున్నాం. సేల్ డీడ్, లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు ఓనర్ల పత్రాలు), ఎల్‌ఆర్‌ఎస్ ప్రొసీడింగ్స్, ఇంటి పర్మిషన్ ప్లాను. ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల వివరాల పత్రం), 22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితా) రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో మేమే చూస్తున్నాం. ఆ తర్వాత బ్యాంకు వకీలుకో, అదాలత్ దగ్గర తెలిసిన వకీలుకో చూపిస్తున్నాం. ఆయన ఫీజు కొన్ని వేలే. అప్పటిదాకా ఐదు వేలకు మించి టోకెన్ ఇవ్వం. బయానా కాగితంలో "పత్రాల లోపం వల్ల బ్యాంకు లోను రాకపోతే 15 రోజుల్లో బయానా మొత్తం తిరిగి ఇవ్వాలి" అని రాయమంటున్నాం. మొన్న ఒక ఓనరు ఆ మాట వినగానే లేచి లోపలికెళ్లిపోయాడు. ఇంకొకాయన మాత్రం "రాసుకోండమ్మా, నా కాగితాలు సాఫ్‌గున్నయి" అన్నాడు. ఆయన ఇంటి కాగితాలు ఇప్పుడు వకీలు దగ్గరున్నాయి.

గొర్రెకుంట ఇంటికి "అమ్మబడును" బోర్డు మళ్లీ కట్టారు. ధర ఇప్పుడు 29 అంటున్నారట. తులసి గద్దె ఉన్న ఇల్లు చూపిస్తే, ఆ నాలుగు మడతల రసీదు విప్పి చదవండి.